బీటి కసవు

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడుచెంత బట్టమేకపిట్టల రక్షణకై 1988వ సంవత్సరమున ప్రభుత్వమువారొక గడ్డినేలను అభయారణ్యముగా నేర్పఱచిరి. దానికి కొన్ని క్రోసుల దూరమున మా జేజినాయనగారి బీడు కలదు. మా సీమలో గడ్డికిని, ఊడ్చి పాఱవేయు చెత్తకును కసవనియే పేరు. ఆ రెండవ యర్థమే నన్ను మోసగించినది.

రెండేండ్లక్రిందట వేసవి సెలవులలో, బీడు పరిశుభ్రముగా నుండవలెనని తలంచి, పెద్దలనడుగకయే, ఒకవైపున ఎండి రాలియున్న కసవునంతయు ప్రోగుచేసి తగులబెట్టితిని. తొలకరి చినుకులు వట్టి నేలను మోదగా పైమన్ను చెదరి గట్టిపడెను. నీరింకక యెఱ్ఱగా వంకలోనికి పాఱెను. ఆ యేడు మేత చాలక జేజినాయనగారు నాలుగు గొఱ్ఱెలను సంతలో నమ్మిరి. నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు మిక్కిలి కష్టముగా నుండెను.

పిమ్మట మా ప్రకృతిశాస్త్రోపాధ్యాయులు రాలిన కసవును కొలుచు విధమును నేర్పిరి. అరమీటరు పొడవును, అరమీటరు వెడల్పును గల కఱ్ఱచట్రమును నేలపై నుంచవలెను. వేరుతోనున్న గడ్డిని, పేడను, రాళ్లను విడిచి, ఎండి పడిన ఆకులను, కాడలను మాత్రమే వ్రేళ్లతో దువ్వి తీసి తూచవలెను. చట్రములో నొక గ్రాము దొరకినచో హెక్టారునకు 40 కిలోలని లెక్క. మంచి స్థితిలోనున్న బీటితో, అదే ఋతువున, అట్టి నేలయందే పోల్చినగాని యా లెక్కకు విలువ లేదు. ఏలనన చెదలును చాల తినివేయును, తఱుగుదలకు పశువుల మేత యొక్కటియే కారణము కాదు. మఱియు కసవు మితిమీరి మందమైనను లేతమొలకలకు వెలుతురందదు.

ఈ వేసవియందు అంగడివారి త్రాసును ఎరువు తెచ్చి పది చోట్ల తూచితిని. (మొదటి రెండు చోట్ల పేడపెంకులనుగూడ కలిపి తూచి, మరల చేయవలసివచ్చినది.) కంచెవెంబడి గొఱ్ఱెలు చేరని పట్టెలో దొరకినదానిలో నాలుగవ వంతైనను నేను తగులబెట్టిన వైపున లేదు. కంచెప్రక్క కసవు నెత్తి చూడగా దాని క్రింది మన్ను మధ్యాహ్నమునగూడ చల్లగా నుండెను. రెండవ వైపున అరచేయి మోపలేకపోతిని.

జేజినాయనగారు నా లెక్కల పుస్తకమును త్రిప్పి చూచి, నేలపై తామే చేయి పెట్టి చూచి, “ఆ తట్టు రెండు వానకాలములు గొఱ్ఱెను దింపకురా” అనిరి. అందుచే మంద దూరపు గట్లకు పోవలసివచ్చినది. సెలవు దినములలో నేనును వారివెంట నడచుచున్నాను.