ఏడో నెలదాకా రాని మనిషి

మా అక్క కూతురు అమెరికాలో, టెన్నెసీ రాష్ట్రంలో నర్సు. గర్భిణులను చూసే క్లినిక్కులో ఉద్యోగం. 2015 వేసవిలో నేనూ, మా ఆవిడా వెళ్ళి దాని ఇంట్లో నెల్లాళ్ళున్నాం. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా అలాగే ఉండిపోయింది. ఏమిటే అంటే, "ఏడో నెల వచ్చేదాకా ఒక్కసారీ డాక్టరుకి చూపించుకోని మనిషి ఇవాళ వచ్చింది మావయ్యా" అంది. పేరూ ఊరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఖాతాదారుల సంగతులు బయట మాట్లాడకూడదన్న నియమం మా బ్యాంకుల్లోనూ ఉన్నదే.

ఎప్పుడో నడుంనొప్పికి డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఆమెకు అలవాటై, మానలేని స్థితికి వచ్చాయట. నల్లమందు జాతి మందులవి. "కడుపుతో ఉండి అవి మింగడమేమిటి? నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే మానదూ?" అన్నాను. మా ఆవిడ కూడా తల ఊపింది.

మేనకోడలికి కోపం వచ్చింది. అలా ఉన్నపళంగా మాన్పిస్తే తల్లి తట్టుకోలేక మళ్ళీ వాటికే పోతుందనీ, అప్పుడు ప్రాణానికే ముప్పనీ చెప్పింది. మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనే మందులు వైద్యుల పర్యవేక్షణలో కొలతగా ఇస్తారట. పుట్టిన బిడ్డకు వణుకు, ఆగని ఏడుపు వంటివి రావచ్చుగాని, వాటికీ చికిత్స ఉందట.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? భయం. ఆ రాష్ట్రంలో 2014 జూలై నుంచి ఒక చట్టం అమలులో ఉండేది. గర్భిణిగా ఉండి మత్తుమందు వాడినందువల్ల బిడ్డకు హాని జరిగితే తల్లి మీద కేసు పెట్టవచ్చు. చికిత్స పూర్తిచేసిన వాళ్ళకు మినహాయింపు ఉన్నా, ముందు ఆసుపత్రి గడప తొక్కడానికే ధైర్యం చాలాలి కదా! 2016 జూలైలో గడువు తీరి ఆ చట్టం పోయింది. మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనూ, తనంతట తాను చికిత్సకు వచ్చి పూర్తి చేసుకున్న వ్యసనపరుడిని కొన్ని నేరాల్లో శిక్షించకుండా వదిలే 64ఎ సెక్షను ఉంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

ఆమె అడిగిన మొదటి మాట "నా బిడ్డను తీసుకుపోతారా?" అనేనట. "అలా ఏమీ జరగదులే" అని మా పిల్ల అనలేదు. కాగితాల్లో ఏం రాస్తారో, ఏ పరీక్ష ఎందుకు చేస్తారో, కాన్పు తర్వాత శిశు సంరక్షణ శాఖకు ఏం తెలపవలసి వస్తుందో, అన్నీ కూర్చోబెట్టి చెప్పిందట. "అంతా చెప్తే పారిపోదూ?" అన్నాను. "దాచిపెట్టి రేపు బయటపడితే ఇక జన్మలో రాదు మావయ్యా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ళ క్రితం ఒకామె కుట్టుమిషను కోసం మా బ్రాంచిలో లోను తీసుకుని మూడు వాయిదాలు తప్పింది. నాలుగో నెల వచ్చినప్పుడు, పదిమంది వింటుండగా, కౌంటరు దగ్గర నేను గొంతు పెంచాను. ఆమె మళ్ళీ రాలేదు. నోటీసులు పంపితే తిరిగొచ్చాయి. భర్త మంచాన పడ్డాడనీ, ఆ రోజు వాయిదాలు సవరించమని అడగడానికే వచ్చిందనీ తర్వాత తెలిసింది. అది నా చేతిలో ఉన్న పనే. ఒక అర్జీ, రెండు సంతకాలు, అంతే. ఆమె నోరు తెరిచేలోగా నేనే మూయించాను.

మేము తిరిగి వచ్చాక మేనకోడలు ఫోనులో మిగతా కథ చెప్పింది. మందు మొదలుపెట్టిన మూడో వారం ఆమె ఒక రోజు రాలేదట. ఇది ఫోను చేసి, "రేపు పొద్దున వస్తారా?" అని మాత్రమే అడిగిందట. మర్నాడు క్లినిక్కు తెరవకముందే ఆమె వచ్చి బయట నిలబడి ఉందట. ముందు రోజు పాత మాత్రలు మళ్ళీ రెండు వేసుకున్నానని, ఎవరూ అడక్కుండానే చెప్పిందట.