యాభై నంబరు చొక్కా

మేము బోస్టన్ ప్రక్కనే కాపురముంటున్నాము. మనకు క్రికెట్ ఎలాగో ఇక్కడివారికి బేస్‌బాల్ అలాగ. 2018లో ఛాంపియన్‌షిప్పు తెచ్చిన మూకీ బెట్స్‌ను 2020 ఫిబ్రవరిలో బోస్టన్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చివేసి, ముగ్గురు కుర్రవాళ్లను తీసుకున్నది. ఒప్పందం ఆ యేటితో ముగుస్తుంది, ఆపైన పెద్ద జీతమివ్వాలి. ఆ లెక్క మాకు తెలియకపోలేదు. అయినా సంతలో ఎడ్లను మార్చినట్లు మనుషులను మారుస్తారా అని మా అబ్బాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. 1919లో బేబ్ రూత్‌ను అమ్ముకున్నాక 2004 దాకా ఛాంపియన్‌షిప్పు మొహం చూడలేదని పొరుగింటి పెద్దాయన నిట్టూర్చాడు.

ఆ అక్టోబరులో డాడ్జర్సే గెలిచారు. మావాడు పెట్టె అడుగున దాచిన 50 నంబరు చొక్కా తొడుక్కుని టీవీ ముందు చప్పట్లు కొట్టాడు. మేమేమీ అనలేదు. అక్కడా బెట్స్ నంబరు యాభైయే.