ఉప్పు నేలలో దేవుని తోట



గోదావరి సీమ అనగానే మనకు వరిచేలు, కొబ్బరితోటలే గుర్తుకు వస్తాయి. అయితే కాకినాడ నుండి యానాం వెళ్ళే దారిలో చొల్లంగి దాటితే వేరొక లోకం కనబడుతుంది. అదే కోరంగి మడ అడవి. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని ప్రభుత్వం 1978లో అభయారణ్యంగా ప్రకటించింది.

మా సంఘ యౌవనస్థులతో కలిసి మేము అక్కడి చెక్కబాట మీద నడిచాము. ఇరుప్రక్కల నల్లని బురద. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దానిని ముంచుతుంది. ఆ బురద లోపల గాలి ఆడదు; కెలికితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. వరి బ్రతకని ఆ చోట చెట్లు గుబురుగా ఉన్నవి!

తెల్లమడ తాను పీల్చిన ఉప్పును ఆకుల గుండా బయటికి పంపుతుంది. దాని వేళ్ళు మేకుల వలె బురదలోనుండి పైకి వచ్చి గాలి పీలుస్తాయి. ఉప్పుపొన్న ఊతకర్రల వంటి వేళ్ళు దింపుతుంది. దాని విత్తనం తల్లిచెట్టు మీదనే మొలకెత్తి తరువాత క్రింద పడుతుంది. తిల్ల కొంచెం మెరకన నిలుస్తుంది. ఎండకు ఉప్పు పేరుకునే చవిటి నేలలోనైతే చెట్లు లేవు, దళసరి ఆకుల చిన్న మొక్కలే ఉన్నవి. నేల ఎత్తు కొద్దిగా మారితే చాలు, మొక్కలు మారుతాయి.

కంటికి ఆనని పనివారు కూడ అక్కడ ఉన్నారు. అవే శిలీంధ్రాలు, అంటే బూజు, పుట్టగొడుగుల జాతివి. గాలిలేని లోతు బురదలో వాటిలో చాలా రకాలు బ్రతకలేవు. అందుచేత విరిగిన కొమ్మల మీద, ఊతవేళ్ళ మీద, రాలిన ఆకుల మీద కాపురముంటాయి. శర్మ, విట్టల్ అను పరిశోధకులు గోదావరి, కృష్ణా డెల్టాల మడచెట్ల మీద వీటిని వెదకి, ఆ వివరాలను 2001లో ప్రచురించారు. చెట్టు జాతిని బట్టి దాని మీది శిలీంధ్రాలూ మారుతాయి. ఇవి మెత్తబరచిన ఆకులను పీతలు, రొయ్యపిల్లలు తింటాయి. వాటిని చేపలు తింటాయి. ఆ చేపలతోనే ఎన్నో బెస్త కుటుంబాల పొయ్యి వెలుగుతుంది.

1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవును పాడుచేసింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఏడ్పించింది. అలల బలాన్ని తగ్గించేవి ఈ చెట్లే. అయినను రొయ్యల చెరువుల కొరకు, వంటచెరకు కొరకు డెల్టాలో ఎన్నో చోట్ల వీటిని నరికారు. నరికి గట్టు వేస్తే పోటు రాదు, ఆకు రాలదు, శిలీంధ్రానికి మేత ఉండదు, పీతకు కూడు ఉండదు. పోయేది కట్టెలు మాత్రమే కాదు, మన పిల్లల ముందున్న కంచము.

మొదటి కీర్తనలోని చెట్టు మంచినీటి ప్రక్కన ఉన్నది. కోరంగి చెట్లకు దేవుడు ఉప్పునీటిని భాగముగా ఇచ్చి, దానికి తగిన వేళ్ళను కూడ ఇచ్చాడు. కష్టాల నేలలో ఉన్న కుటుంబములారా, మీకును ఆయన తగిన వేళ్ళను ఇచ్చును. తీర గ్రామముల సంఘములారా, మడచెట్టు మీద గొడ్డలి వేయకండి. నాటేటప్పుడు ఏ నేలకు ఏ మొక్క తగునో పెద్దలైన వేటగాండ్రను అడిగి నాటండి.

ప్రభువు మన తీరమును, మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.