భీమిలి దాకా వెళ్తే

విశాఖకు వచ్చినవాళ్లలో చాలామంది ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తిని, కైలాసగిరి ఎక్కి దిగి, ఊరు చూసేశామనుకుంటారు. బీచ్ రోడ్డు మాత్రం అక్కడ ఆగదు. రుషికొండ దాటి భీమిలి దాకా పోతుంది.

దారిలో తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి. ఎదురుగా కనుచూపు మేరా సముద్రమున్నా తాగే నీళ్ల సంగతి ముందే ఆలోచించుకున్నారు. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒకసారి వెళ్లి చూడాలి!

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుకను వానలు కోసి, లోతైన ఎర్రటి సందులు చేశాయి. ఇది జాతీయ భూవారసత్వ స్థలం. సినిమావాళ్లకు మాత్రం షూటింగ్ స్పాట్.

ఇక భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో ఓ భాగం. ఒకప్పటి రేవు వైభవానికి గుర్తుగా డచ్చివారి సమాధులు, పాత లైట్‌హౌస్ మిగిలాయి. గోస్తని సముద్రంలో కలిసేది ఇక్కడే. కాస్త ఓపికుంటే పావురాలకొండ కూడా ఎక్కవచ్చు.

వెళ్లండి, తప్పకుండా చూడండి. ఎర్రమట్టి గోడల మీదికెక్కి జారడం, పేర్లు చెక్కడం మాత్రం వద్దు. రాలిన మట్టిని మళ్లీ అతికించలేం.