60 బై 120

మా పెద్దమ్మ కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. మన సీనియర్లలా ఎంఎస్ రూట్ కాదు. గ్రీన్ కార్డ్ మీద అమెరికా ఆర్మీలో చేరి, నాలుగేళ్లు చేసి, బయటికొచ్చాక ఫ్రెండ్‌తో కలిసి చిన్న ఐటీ కంపెనీ పెట్టాడు. మాజీ సైనికుల కంపెనీలకి అక్కడి ప్రభుత్వం కొన్ని కాంట్రాక్టులు విడిగా ఉంచుతుంది. దానికి సర్టిఫికేషన్ ఉండాలి. 2023 జనవరి నుంచి అది ఇచ్చేది ఎస్‌బీఏ, అంటే చిన్న వ్యాపారాల సంస్థ. కనీసం 51 శాతం వాటా మాజీ సైనికుడిదే అయ్యుండాలి, కంపెనీ నడిపేది కూడా అతనే అయ్యుండాలి.

సెలవుల్లో అన్నయ్య నాకు పార్ట్‌టైమ్ పని ఇచ్చాడు. వెబ్‌సైట్, ఇన్వాయిస్‌లు, షేర్ల లెక్క రాసే ఒక స్ప్రెడ్‌షీట్. మొత్తం 100 షేర్లు: అన్నయ్యవి 60, ఫ్రెండ్‌వి 40. మొన్న ఇంకొకాయన డబ్బు పెడితే కొత్తగా 20 షేర్లు ఇచ్చారు. నేను కింద ఒక వరస కలిపి ఊరుకున్నాను. అన్నయ్యవి 60 అలాగే ఉన్నాయి కదా!

పన్నెండు రోజుల తర్వాత అన్నయ్య ఫోన్ చేశాడు. "ఏరా, పర్సంటేజ్ కాలమ్ చూశావా?"

చూడలేదు. ఆ కాలమ్‌లో ఫార్ములాకి బదులు 60% అని చేత్తో టైప్ చేసింది నేనే. 60 బై 120. యాభై. డేటా స్ట్రక్చర్స్‌లో 9 గ్రేడ్ వచ్చినవాణ్ణి, కింద అంకె మారిందని గమనించలేదు.

వాటాల్లో ఇలాంటి మార్పు వస్తే 30 రోజుల్లోపు ఎస్‌బీఏకి చెప్పాలి. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "అన్నయ్యా, ఆ 20 షేర్లు వచ్చే నెలలో ఇచ్చినట్టు డేట్ మార్చేద్దామా? ఎవరు చూస్తారు?"

అటువైపు చాలాసేపు మాట లేదు. తిడతాడనుకున్నాను. "ఆ సర్టిఫికెట్ కోసం నా మోకాలు ఇచ్చాన్రా. దాని మీద దొంగ డేట్ వేస్తానా?" అన్నాడు మెల్లగా.

ఫ్రెండ్ దగ్గర 2 షేర్లు కొన్నాడు. 62 బై 120, అంటే 51.67. అంతటితో సరిపోయిందనుకున్నాను. కానీ మధ్యలో ఆ కొన్ని రోజులు యాభైలోనే ఉన్నాం కదా, అదీ తేదీలతో సహా రాసి పంపించాడు. అప్పటికే సిద్ధం చేసుకున్న ఒక టెండర్ వేయకుండా వదిలేశాడు. జవాబు ఇంకా రాలేదు. నా జీతం మాత్రం ఆపలేదు, అదే ఎక్కువ బాధ.

స్ప్రెడ్‌షీట్‌లో ఇప్పుడు ఫార్ములా పెట్టాను. 51 కంటే తగ్గితే గడి ఎర్రగా అవుతుంది. మార్పు తేదీ కొడితే 30 రోజుల లెక్క మొదలవుతుంది. ఇరవై నిమిషాల పని, ముందే చేసుండాల్సింది.

ఇదంతా భోజనాల దగ్గర చెప్పాను. మా నాన్న ఏజెన్సీ అమ్మ పేరు మీద ఉంది. ఆయన చెక్కు బుక్కు ముందు పెడతాడు, అమ్మ సంతకం పెడుతుంది. నడిపేది ఎవరో కూడా చూస్తారని చెప్పగానే నాన్న పప్పు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

అమ్మ మాత్రం నా వైపు తిరిగి, "మరి నాకెంత వాటా ఉందిరా?" అంది.