అల వినిపించే దూరం

భీమిలిలో స్థలం చూపించే మధ్యవర్తి నేల సంగతి తర్వాత చెబుతాడు. ముందు పక్కింటి డాబా ఎక్కిస్తాడు. అక్కణ్నుంచి కనబడే నీలం చూశాక కొనేవాళ్ల నోట మాట రాదు. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి నలిగినవాళ్లు, డాలస్ నుంచి సెలవులకు వచ్చి అమ్మానాన్నల కోసం ఇల్లు చూసేవాళ్లు, రిటైరై పీఎఫ్ డబ్బు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నవాళ్లు, అందరి కళ్లలోనూ అదే మెరుపు. సముద్రం పక్కన బతకాలన్నది మనిషికి కలిగే మంచి కోరికల్లో ఒకటని నా నమ్మకం. కానీ ఆ కోరిక తీర్చే ఇల్లు డాబా మీంచి కనబడే ఆ మొదటి వరసలో దొరకదు. రెండు మూడు వీధులు లోపలికి రావాలి. రాత్రి ఊరు సద్దుమణిగాక అల చప్పుడు వినబడితే చాలు, కిటికీలోంచి నీళ్లు కనబడకపోయినా పరవాలేదు. ఇక్కడ ఇల్లు కొనాలని వచ్చి నన్ను అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతాను.

ఇక్కడ రోజంతా గాలి నడిపినట్టే నడుస్తుంది. తెల్లవారుజామున అది ఊరి మీంచి సముద్రం వైపు పోతుంది. ఎండెక్కేసరికి ఆగిపోతుంది. ఆకు కదలదు, ఒళ్లంతా జిడ్డు. ఏప్రిల్, మే నెలల్లో ఆ కాసేపూ కష్టమే. ఈలోగా నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి నీటి మీది చల్లగాలి వచ్చి పడుతుంది. భోజనాల వేళకు వీధి తలుపు దానంతటదే కొట్టుకుందంటే గాలి మళ్లిందన్నమాట. విజయవాడ 44 డిగ్రీల్లో ఉడికే రోజున విశాఖ తీరం 35, 36 దగ్గర ఆగుతోందంటే ఈ గాలి పుణ్యమే. పాతకాలం పెంకుటిళ్లు కట్టినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒక్క వరసలో పెట్టేవారు. ఇప్పుడు కొనే ఫ్లాటుకు కూడా నేను అదే చూడమంటాను. నీళ్లు కనబడే బాల్కనీ ఉండి, ఎదురుగోడకు కిటికీ లేకపోతే లోపలికొచ్చిన గాలికి బయటికి దారుండదు.

పొద్దున్నే ఇసుకలోకి వెళ్తే పెద్దవల లాగడం కనబడుతుంది. పడవ అర్ధచంద్రాకారంలో వల వేసి వస్తుంది. రెండు మోకులు, రెండు జట్లు. చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా నడుముకు పురి కట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. దగ్గర పడేకొద్దీ రెండు జట్లూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. చివరికి వల సంచి ఇసుక మీదికి వచ్చినప్పుడు, ఒక్కోసారి తట్టెడు నెత్తళ్లు మాత్రమే ఉంటాయి. ఒక్కోసారి కవళ్లు, కానాగంతలు వెండి రాశిపోసినట్టు మెరుస్తాయి. కాసేపటికే గంపలు నెత్తికెత్తుకుని ఆడవాళ్లు వీధుల్లోకి వస్తారు. మా వీధికి వచ్చే ఆమె గంప దించుతూనే మర్నాటి సంగతి కూడా చెప్పేస్తుంది: "గాలి తిరిగిపోనాది బాబూ, రేపు ఏట నేదు." ఆమె మాట తప్పిన రోజులు తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ ఊరు మరోలా ఉంటుంది. బోట్లు ఒడ్డున, వలలు పందిళ్ల కింద, అప్పులు పద్దుపుస్తకాల్లో. ఈ వేట లెక్క ప్రకారం వంటింట్లో కూరగాయలూ చేపలూ మార్చుకుంటూ ఒక్క ఏడాది గడిపినవాళ్లు ఇక ఊరివాళ్లే.

అందుకే ఇల్లు ఊళ్లో ఉండాలంటాను. విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద ప్రహరీలు కట్టి, బోర్డులు పెట్టి, కాపలాకు ఒక మనిషిని ఉంచిన లేఔట్లు ఎన్నో. భోగాపురంలో విమానాశ్రయం పని మొదలయ్యాక వాటిలో గజం ధర ఎలా పెరిగిందో అందరికీ తెలుసు. అక్కడ డబ్బు పెరగవచ్చు, కాదనను. కానీ సాయంత్రం ఆరు దాటితే పలకరించే మనిషి ఉండడు, మందుల షాపు ఉండదు. భీమిలి అలా కాదు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, దేశంలో పాత మున్సిపాలిటీల్లో ఒకటి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి వచ్చారు, 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి పోయారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. తీరం వెంట తిరిగే స్టీమర్లు ఆగిన రేవు, విశాఖలో 1933లో హార్బరు తెరిచాక వెలవెలబోయింది. వర్తకం పోయినా ఊరు మిగిలింది. గడియార స్తంభం, దీపస్తంభం, బడులు, చర్చి, సంత, విశాఖకు సిటీ బస్సు. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. పావురాలకొండ మీద బౌద్ధ శిథిలాలు. ఇల్లు కొనేవాళ్లు వీటికి గజానికి ఇంతని వేరే డబ్బు కట్టక్కర్లేదు.

ఒడ్డు ఎప్పుడూ ఒకచోట ఉండలేదు. ఈ విషయం ఎవరికైనా నచ్చజెప్పాలంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్తాను. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు అది. మంచుయుగ కాలంలో సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి పోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి కుప్పపోసింది, కాలం దానికి ఎర్రరంగు పట్టించింది, వానలు లోయలుగా చీల్చాయి. అక్కడ నిలబడితే నీటి గీత ఎంత దూరం వెళ్లి తిరిగొచ్చిందో అర్థమవుతుంది. వేల ఏళ్ల కథ మనకెందుకంటారా, కాకినాడ దగ్గరి ఉప్పాడ చూడండి. జమ్‌దానీ చీరలకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఇళ్లూ గుళ్లూ రోడ్లూ ఒక తరం కళ్ల ముందే నీళ్లపాలయ్యాయి. అడ్డంగా వేసిన జియో ట్యూబ్ గోడ కూడా నిలవలేదు. మన తూర్పు తీరంలో ఇసుక కెరటాల వెంట నడుస్తుంది. నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో హార్బరు గోడ కట్టామంటే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో హార్బరు నుంచి తోడిన ఇసుకను మళ్లీ పోయాల్సి రావడం అందుకే. స్థలం కొనేముందు, దక్షిణాన కొన్ని కిలోమీటర్లలోపు ఏ గోడ కట్టారు, ఏది కట్టబోతున్నారు అని అడగాలి. స్థలం కొలతలకంటే ఈ ప్రశ్న ముఖ్యం.

ఒడ్డు మీది కట్టడాలకు చట్టం కూడా హద్దులు పెట్టింది. 1991లో వచ్చి, 2011లో, 2019లో మారిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, ఊళ్లో అందరూ సీఆర్‌జెడ్ అనే ఆ నిబంధన, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా నేల మీద ఆంక్షలు పెడుతుంది. కట్టడాలతో నిండిన పట్టణ భాగాల్లో ఇదివరకే ఉన్న రోడ్డుకో అనుమతి ఉన్న కట్టడానికో ఊరివైపే కొత్తది కట్టుకోవాలి. పల్లె తీరాల్లో 200 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదన్నది పాత మాట. జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో దాన్ని 50 మీటర్లకు కుదించింది 2019 నోటిఫికేషన్. ఆ కుదింపు నాకు ఇష్టం లేదు. చట్టం ఒప్పుకుంది కదా అని ఉప్పెన 50 మీటర్ల దగ్గర ఆగదు.

ఇక ఉప్పు. కొనేవాళ్లలో చాలామంది దీని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. ముందు వరస ఇంటికి వెళ్లి కిటికీ గ్రిల్లులో నిలువు ఊచ అడ్డపట్టీని కలిసే మూల చూడండి. ముందు అక్కడ రంగు కాస్త ఉబ్బుతుంది. గోటితో గిల్లితే పొరగా ఊడివస్తుంది, కింద గోధుమరంగు పొడి. తర్వాతి వానకు ఆ మూల నుంచి గోడ మీదికి ఎర్రటి చార దిగుతుంది. కంటికి కనబడకుండా ఇదే పని శ్లాబు లోపలి ఊచల్లోనూ జరుగుతుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, దాన్ని పట్టుకున్న కాంక్రీటు చిట్లుతుంది, చివరికి పడకగది పైకప్పు నుంచి పెచ్చులు రాలతాయి. ఐఎస్ 456 నియమావళి తీరప్రాంతపు కట్టడాల్లో ఊచ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు మందం ఉండాలనీ, ఎం30 కంటే తక్కువ రకం కాంక్రీటు వాడకూడదనీ చెబుతుంది. కట్టిన ఇల్లు కొనేవాళ్లు మేస్త్రీని వెంట తీసుకెళ్లి బాల్కనీ అడుగుభాగం తట్టించి వినాలి. డొల్ల చప్పుడు వస్తే బేరం అక్కడితో ఆపేయాలి. కొత్తగా కట్టించేవాళ్లు ఏ ఇసుక వాడుతున్నారో, క్యూరింగుకు ఏ నీళ్లు పోస్తున్నారో రోజూ వెళ్లి చూసుకోవాలి. ఉప్పుబావి నీళ్లతో తడిపిన శ్లాబుకు తుప్పు పుట్టుకతోనే వస్తుంది. కెరటం విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపరలో ఎక్కువ భాగం మొదటి కొన్ని వందల మీటర్లలోనే రాలిపోతుంది. రెండు మూడు వీధులు లోపలికి రమ్మనడానికి నా దగ్గర ఉన్న కారణాల్లో గట్టిది ఇదే.

ఉప్పు తర్వాత తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. తుపాను కన్ను నగరం మీంచి పోయింది కాబట్టి నడుమ కాసేపు అంతా ఆగిపోయింది. ఆ తర్వాత గాలి ఎదురుదిక్కు నుంచి కొట్టింది. మొదటి విడతలో వంగిన చెట్లు రెండో విడతలో విరిగాయి. ముందు వరస అపార్టుమెంట్లలో జారుడు అద్దాల కిటికీలు ఫ్రేములతో సహా ఊడిపోయాయి. కైలాసగిరి పచ్చదనం ఒక్కరోజులో మాయమైంది. రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు, నీళ్లు లేవు. చేదబావి ఉన్న పాత ఇళ్ల ముందు ఆ రోజుల్లో బిందెలు వరస కట్టాయి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద పాల మీది మీగడలా తేలుతుంది. ఊట మట్టం సముద్రమట్టానికి 1 మీటరు పైన ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని లెక్క. అదే లెక్క తిరగేస్తే, బోర్లు వేసి ఆ ఒక్క మీటరూ తోడేస్తే ఉప్పునీరు కింద నుంచి ఎగదన్నుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తియ్యటి నీళ్లివ్వడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి స్థలం చూడ్డానికి సంక్రాంతికి రాకండి. అప్పుడు అన్నీ బాగుంటాయి. మే నెలలో రండి, చుట్టుపక్కల నాలుగిళ్లలో అడిగి నీళ్లు తాగి చూడండి. ఇంకోసారి నవంబరులో, వాయుగుండం పట్టిన రోజుల్లో రండి. ఆ రెండు నెలల్లోనూ ఊరు నచ్చితే అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.

కాగితాల సంగతి ఎక్కువగా చెప్పను, ఎక్కడైనా ఉండే జాగ్రత్తలే. కనీసం 30 ఏళ్ల ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం తీయించడం, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు చేత చదివించడం, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితాలో ఉందేమో వెతకడం. తీరం వెంట మాత్రం పోరంబోకులు, డీ పట్టాలు ఎక్కువ. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఆ డీ పట్టా భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తర్వాతి సవరణల్లో కొన్నిటికి వెసులుబాటు వచ్చినా, మనం చూస్తున్నది వాటిలోదో కాదో తేలకుండా నోటరీ కాగితం మీద డబ్బు చేతులు మారకూడదు. చవగ్గా వస్తోందని అలాంటి భూమి తీసుకుంటే, మనకు దక్కకపోవడం ఒక ఎత్తు, అమ్మిన కుటుంబానికి మళ్లీ నేల లేకుండా పోవడం మరో ఎత్తు. రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

సముద్రం అందరికీ కావాల్సి వచ్చిన ఈ రోజుల్లో, తరతరాలుగా దాన్నే నమ్ముకున్న జాలరి, వాడబలిజ కుటుంబాలకు ఒడ్డుకు వెళ్లే దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. వాళ్లు ఇసుక పక్కన ఉంటున్నది అందం కోసం కాదు. పడవ అక్కడుంది, వల ఆరేది అక్కడ. రిసార్టు ప్రహరీ ఒకచోట, లేఔటు గేటు ఇంకోచోట అడ్డం పడి, గంప నెత్తిన పెట్టుకున్న మనిషి ఊరంతా చుట్టి రావాల్సి వస్తోంది. మా వీధి చివర ఒక సందు ఉంది. ఇద్దరు మనుషులు మోకు చుట్ట మోసుకుంటూ పక్కపక్కన నడిచేంత వెడల్పు. ఏ ప్లానులోనూ దానికి పేరు లేదు, ఊరివాళ్లు నడిచి నడిచి చేసుకున్న దారి. ఇల్లు చూడాలని వచ్చేవాళ్లను నేను ఆ సందులోంచే ఒడ్డుకు తీసుకెళ్తాను. చాలామంది చెప్పులు చేత్తో పట్టుకుని సంతోషంగా నడుస్తారు. ఎప్పుడైనా ఒకరు ఆగి, ఇక్కడ గేటు పెట్టుకుంటే బాగుంటుంది కదా అని అడుగుతారు. వాళ్లకు మా వీధిలో అమ్మకానికి ఉన్న ఇల్లు చూపించను.