పిన్నీసుల కోటు

ఫేషన్లు మారుతున్నకొద్దీ తల్లుల దిగుళ్లు మాత్రం మారవు. మొన్న సంక్రాంతికి మా అమ్మాయి బెంగుళూరు నుంచి గుంటూరులో దిగినప్పుడు ఆ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. మోకాళ్ల దగ్గర చిరిగిన నల్ల పాంటు, భుజాల నిండా పిన్నీసులు గుచ్చిన రెక్సిను కోటు, నడుముకు గొలుసు, కాళ్లకు జవాన్లు తొడుక్కునేటంత బూట్లు!

మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "పాపం, పిల్లకి జీతం సరిగా ఇవ్వడం లేదు కాబోలు," అన్నారు.

"ఇది పంక్ ఫేషను, నాయనమ్మా," అంది మా అమ్మాయి. ఆ చిరుగులకే ఎక్కువ ధర పోసి కొన్నదని విన్నాక ఆవిడ మరి నోరెత్తలేదు.

ఇంట్లో ఉన్నంతసేపూ ఎలా ఉంటేనేం అని సరిపెట్టుకుందును. కాని ఆ శనివారం రాత్రి లక్ష్మీపురంలో మా మరిదిగారి పాతికేళ్ల పెళ్లిరోజు విందు. బంధువులంతా వస్తారు. "ఈ వేషంతో నువ్వు వస్తే నేను రాను," అన్నాను. "సరే, నేనే రాను," అంది. పండగ మూడు రోజులూ మా ఇద్దరి మాటలూ "అన్నం తిను", "తిన్నాను"లతోనే గడిచాయి. ఏడాదికి రెండుసార్లు వచ్చే పిల్ల! గారెలు వేస్తున్నానే గాని నా మనసు మనసులో లేదు.

కనుమ మర్నాడు మిరప కోతలు చూసి రమ్మని మా వారు మమ్మల్ని పత్తిపాడు దగ్గర మా పొలానికి పంపించారు. మీలో మిరప కోతలు చూసినవారికి చెప్పనక్కరలేదు. సాళ్ల మధ్య ఆడకూలీలందరూ చీరల మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, తలకూ మూతికీ తువ్వాళ్లు చుట్టుకుని ఉన్నారు. బొత్తాలు ఊడిన చోట పిన్నీసులు, మోచేతుల దగ్గర మాసికలు.

వాళ్లలో పెద్దామె మా అమ్మాయిని చూసి నొచ్చుకుంది. "ఇదేంది పాపా, మోకాలు కాడ ఇట్టా చిరిగింది!" అంటూ తన పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, ఆ చిరుగును దగ్గరకు లాగి గుచ్చేసింది. "ఇంటికి పొయ్యాక కుట్టించుకో," అని కూడా చెప్పింది.

మా అమ్మాయి ముఖం పండుమిరపకాయ అయింది. కాసేపాగి, "మీరీ చొక్కా ఎందుకు వేసుకున్నారు?" అని అడిగింది.

"మా ఆయనది. పత్తి తీసేటప్పుడు కాయ మొనలు గీరతయ్. మిరపకాయ ఘాటుకి చేతులు మండుతయ్. చీర మీద చొక్కా ఏందని మొదట్లో నవ్వారులే. నవ్వేటోళ్లకేం, మంట మాకు గాని!"

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అమ్మాయి తనంతట తానే నోరు విప్పింది. 1970ల మధ్య లండన్‌లో ఉద్యోగాలు దొరకని కుర్రకారు, పెద్దల మీది కోపంతో చింకి బట్టలనే గర్వంగా తొడుక్కుని తిరిగారట. న్యూయార్కులో రిచర్డ్ హెల్ అనే పాటగాడు అప్పటికే చిరిగిన చొక్కాలకు పిన్నీసులు పెట్టేవాడట. లండన్ కింగ్స్ రోడ్డులో 430 నంబరు కొట్టు నడిపిన వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్‌లారెన్ ఆ వేషానికి పేరు తెచ్చారు. ఆ వెస్ట్‌వుడ్ అంతకుముందు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మే! 2022 డిసెంబరులో 81 ఏళ్ల వయసులో పోయింది.

"లేనివాళ్ల చిరుగుల్ని డబ్బు పోసి కొన్నాను, కదమ్మా?" అంది చివరికి.

నేను జవాబు చెప్పలేదు. నాకు 1983 గుర్తొచ్చింది. కాలేజీలో చదివే రోజుల్లో ముచ్చటపడి చేతుల్లేని జాకెట్టు కుట్టించుకున్నాను. మా నాన్నగారు చూసి ఒక్క మాటా అనలేదు; ఆ పూట భోజనం మానేశారు. ఆ రాత్రే కూర్చుని, రంగు కలవకపోయినా సరే, వేరే గుడ్డతో చేతులు కుట్టేశాను. మళ్లీ దాన్ని ఒక్కనాడూ తొడుక్కోలేదు.

ఇంటికి రాగానే మా వారి పాత లాయరు కోటు బయటికి తీశాను. "ఆ కోటుతో నేను గెలిచిన కేసులు తక్కువే, తీసుకోండి," అన్నారాయన. చేతులు కత్తిరిస్తే చక్కని నల్ల అరకోటు అయింది. మా అత్తగారు తన పెట్టెలోంచి చీరాల తేలియా రుమాలు ఇచ్చారు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెట్టి, ఎరుపూ నలుపూ అద్ది నేసే ఆ రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. దాన్ని కత్తిరించకుండా మడిచి, తర్వాత విప్పుకునేందుకు వీలుగా కోటు వీపున టాకాలు వేశాం. నా గాజులకున్న పిన్నీసులు భుజాలకెక్కాయి.

ఈ ఫేషను ముచ్చటపడే అమ్మాయిలు మీ ఇళ్లలోనూ ఉంటే నేను నేర్చుకున్న నాలుగు మాటలూ వినండి. మన ఎండలకు తోలూ రెక్సినూ పనికిరావు, నూలే మేలు. పగటిపూట కొట్టొచ్చినట్లుండేది ఒక్కటే చాలు. కోటు వేస్తే తక్కినవన్నీ సాదాగా ఉండాలి. రాత్రి విందుకైతే బూట్లూ గొలుసూ చేర్చవచ్చు. పిన్నీసు మొన ఒంటివైపు రాకూడదు. స్కూటరు ఎక్కేముందు వేలాడే గొలుసు తీసి సంచిలో వేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చిరుగులు కొనకండి. ఇంట్లో చిరిగిన బట్టలు లేకపోవు.

ఆ పొలం పిన్నీసును, ఒక డజను కొత్తవాటితో కలిపి, మర్నాడే ఆమెకు పంపించాను.

శనివారం సాయంత్రం పెట్టె అడుగునున్న నా జాకెట్టు తీసి, ఆ చేతుల కుట్లు విప్పాను. నాకెలాగూ పట్టదు. మా అమ్మాయికి సరిగ్గా సరిపోయింది. భుజాల దగ్గర పాత దారపు గుర్తులు కనబడుతుంటే ఇస్త్రీ చెయ్యబోయాను.

"ఉండనీ అమ్మా," అంది నా చెయ్యి పట్టుకుని.

ఆ జాకెట్టు మీద నల్లచీర, దాని మీద లాయరు కోటు, కాళ్లకు ఆ బూట్లే. ఇద్దరం కలిసే విందుకు బయల్దేరాం.

వాకిట్లో మా అత్తగారు ఎగాదిగా చూసి, "ఈసారి చేతులే లేవు! జీతం ఇంకా తగ్గించినట్టున్నారు," అన్నారు.